సరిపోలింది సరే, ఏ జనంతో లెక్కగట్టారు?

ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లి ఆధారాలు సేకరించడాన్ని 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తప్పనిసరి చేసింది. ఏర్పాట్లకు రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చింది. ఇకపై న్యాయస్థానాల ముందుకు డీఎన్‌ఏ నివేదికలు మరింతగా వస్తాయి. ‘నమూనాలు సరిపోలాయి’ అన్న మాట వెనక ఒక లెక్క ఉంటుందని, దాన్ని ఎలా కట్టారో అడగాలని మన కోర్టుల్లో ఇంకా అలవాటు పడలేదు. ఢిల్లీ ఛావ్లా సామూహిక అత్యాచారం, హత్య కేసులో మరణశిక్ష పడిన ముగ్గురిని 2022 నవంబరులో నిర్దోషులుగా విడిచిపెడుతూ సుప్రీంకోర్టు, డీఎన్‌ఏ నివేదికల నిర్ధారణలకు ఆధారమేమిటో కింది కోర్టులు పరిశీలించనే లేదని తప్పుపట్టింది.

డీఎన్‌ఏలో కొన్ని చోట్ల కొద్దిపాటి అక్షరాల వరుస ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. అమెరికా జాతీయ డేటాబేస్ 13 చోట్లతో మొదలై 2017 నుంచి 20 చోట్లను చూస్తోంది. ఒక్కో చోట ఒక్కో రూపం జనాభాలో ఎంతమందికి ఉంటుందో లెక్కించి, వాటన్నిటినీ గుణిస్తే ‘కోట్లలో ఒకరికి’ వంటి సంఖ్య వస్తుంది. ఎవరు ఎవరినైనా పెళ్లాడే సమాజంలో ఈ గుణకారం చక్కగా కుదురుతుంది. అలా లేని సమాజాల్లో అది అనుమానితుడికి అన్యాయం చేయవచ్చని జన్యుశాస్త్రవేత్తలు రిచర్డ్ లెవాంటిన్, డేనియల్ హార్ట్ల్ 1991లోనే హెచ్చరించారు. ఆ వాదోపవాదాల తర్వాత అమెరికా జాతీయ పరిశోధన మండలి 1996లో ఒక సర్దుబాటు సూచించింది. ఒకే సమూహంలోని వారి మధ్య ఉండే అదనపు పోలికను లెక్కలో చేర్చే సంఖ్య అది: మామూలు జనాభాకు 0.01, చిన్న ఏకాంత సమూహాలకు 0.03.

మరి భారతదేశం సంగతేమిటి? హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, భారతీయ సమూహాల మధ్య జన్యు రూపాల వ్యత్యాసాలు ఐరోపాలో కనిపించే వాటికన్నా ఎక్కువ. కులం లోపలే పెళ్లిళ్లు వేల ఏళ్లుగా సాగడమే ఇందుకు కారణం. దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనం, వాటిలో 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల ముద్ర, అందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ వాసుల్లో కన్నా బలంగా ఉందని తేల్చింది. తెలుగునాట దీనికి మేనరికాలు, మేనమామ-మేనకోడళ్ల పెళ్లిళ్లు తోడయ్యాయి. తరతరాలుగా అలా సాగిన కుటుంబాల్లో బంధువుల మధ్య పోలిక మామూలు కన్నా ఎక్కువే ఉంటుంది.

ఇందులో అతిగా భయపడాల్సిందేమీ లేదు. మానవుల జన్యు వైవిధ్యంలో అధికభాగం సమూహాల మధ్య కాక ప్రతి సమూహం లోపలే ఉంటుంది. శుభ్రమైన నమూనాలో ఇరవై చోట్లా సరిపోలితే, ఎంత సర్దుబాటు చేసినా, బంధుత్వం లేని మరో మనిషికి అదే ప్రొఫైల్ ఉండే అవకాశం అత్యల్పమే. చిక్కంతా చెడిపోయిన నమూనాలతోనూ, ఇద్దరు ముగ్గురివి కలిసిపోయిన వాటితోనూ, అన్నిటికన్నా ఎక్కువగా వై క్రోమోజోమ్ పరీక్షతోనూ వస్తుంది.

అత్యాచార కేసుల్లో బాధితురాలి కణాలే అధికంగా ఉంటాయి గనుక పురుషుడి ఆనవాలు పట్టుకోవడానికి వై క్రోమోజోమ్ పరీక్ష ఎంతో ఉపయోగపడుతోంది. అయితే ఆ క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వెళుతుంది. అన్నదమ్ములు, పెదనాన్న చిన్నాన్నలు, వారి కొడుకులు, ఊళ్లోని దాయాదులు, దత్తతలు మినహాయిస్తే, చాలావరకు ఒకే ఆనవాలు పంచుకుంటారు. అది వంశానికి గుర్తే తప్ప వ్యక్తికి కాదు. ఇక్కడ చోట్ల సంఖ్యలను గుణించడం కూడా కుదరదు; అదే ఆనవాలు డేటాబేస్‌లో ఎందరికి కనిపించిందో లెక్కపెట్టడమే దారి. ఒకే ఇంటిపేరు వాళ్లు వీధి పొడవునా ఉండే పల్లెలో నేరం జరిగినప్పుడు ఆ డేటాబేస్ ఎక్కడి జనానిదన్నది చిన్న ప్రశ్న కాదు. ‘ఇతడు కాకపోతే ఇతడి అన్నదమ్ముడు కావచ్చా?’ అని డిఫెన్స్ న్యాయవాది అడగకపోతే, న్యాయమూర్తి అయినా అడగాలి.

విదేశాల్లో రూపొందిన పరీక్షలు ఇక్కడ తడబడిన ఉదాహరణ ఉండనే ఉంది. నమూనా ఆడవారిదా, మగవారిదా తేల్చడానికి చాలా డీఎన్‌ఏ కిట్లలో ఉండే అమెలోజెనిన్ పరీక్షను సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో 270 మంది భారతీయ పురుషులపై పరిశీలిస్తే, అయిదుగురిని అది స్త్రీలుగా చూపింది. వై క్రోమోజోమ్‌లోని ఆ భాగం వారిలో లోపించడమే కారణం.

డీఎన్‌ఏ నమూనాల సేకరణ, భద్రత, రవాణాపై సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు స్వాగతించదగినవే. అవి నమూనా ల్యాబ్‌కు చేరేదాకా కాపాడతాయి. ల్యాబ్‌లో లెక్క సంగతి మిగిలే ఉంది. ఏ జనాభా గణాంకాలు వాడారో, ఎంత సర్దుబాటు చేశారో, దగ్గరి బంధువుల విషయంలో ఆ సంఖ్య ఎలా మారుతుందో ప్రతి నివేదికలోనూ రాయాలన్న నిబంధన కావాలి. అందుకు అవసరమైన భారతీయ సమూహాల గణాంకాలను, వ్యక్తుల వివరాలు తొలగించి, ఏ న్యాయవాదికైనా అందేలా ప్రచురించాలి. కానీ ఆ గణాంకాలను నిందితుల డేటా బ్యాంకుతో ఎప్పటికీ కలపకూడదు. డీఎన్‌ఏ ప్రొఫైల్ పక్కన కులం పేరు చేరితే అనుమానం మనిషి మీద నుంచి సమూహం మీదకు మళ్లుతుంది. 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన డీఎన్‌ఏ సాంకేతికత నియంత్రణ బిల్లును కేంద్రం 2023 జులైలో ఉపసంహరించుకుంది. దాని స్థానంలో వచ్చే బిల్లు ఏదైనా, సమూహాల గణాంకాలనూ, నిందితుల డేటా బ్యాంకునూ వేరుగా ఉంచే గోడను తన మొదటి సెక్షన్లలోనే కట్టాలి.