పిల్లల ఫోన్ జోలికి పోకుర్రి, పెద్దోళ్లు ఆగమైతరు

ఈ మధ్య మన నల్గొండల ఒక కొత్త అలజడి మొదలైంది. మూడేండ్ల, నాలుగేండ్ల పిల్లల చేతులల్లకెల్లి ఫోన్లు మెల్లగ మాన్పియ్యాలని కొంతమంది తల్లిదండ్రులు కంకణం కట్టుకుంటున్నరు. ఇదేదో చిన్న ముచ్చట అనుకోకుర్రి. ఒక్క పోరని చేతిల ఫోన్ తీస్తే ఆ ఇంట్ల కనీసం నలుగురు పెద్దమనుషుల ప్రశాంతత పోతది, ఈ సంగతి ఎవ్వలు మాట్లాడుతలేరు కాబట్టి బాధ్యత గల పౌరునిగ నేనే మాట్లాడాల్సొస్తుంది.

ఇప్పుడున్న పద్ధతి ఎంత సాఫీగ నడుస్తుందో జర చూడుర్రి. పొద్దున బుడ్డోనికి ఇడ్లీ తినిపియ్యాలె, ముందల ఫోన్ పెడితే నోరు దానంతటదే తెరుచుకుంటది, వాళ్లమ్మ ఒక చేత్తోని ముద్ద పెట్టుకుంట ఇంకో చేత్తోని తన ఫోన్ జరుపుకుంటది, లోపలికి పోయేది ఇడ్లీనో ఉప్మానో వానికి పట్టింపు లేదు. ఇట్ల తింటే ఆకలైందా, కడుపు నిండిందా అన్నది పిల్లలకు తెల్వకుండ పోతదని డాక్టర్లు మొత్తుకుంటరు. వానికెందుకు తెల్వాలె అంట నేను. గిన్నె ఖాళీ అయిందని మనకు తెలిస్తే సరిపోదా?

జెనీవాల కూసున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల ఒక లెక్క చెప్పింది. ఏడాది పిల్లలకు స్క్రీన్ అసలే వద్దట, రెండు నిండినంక నాలుగేండ్ల దాంక దినానికి గంట మించొద్దట, అది కూడా ఎంత తగ్గితే అంత మంచిదట. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు కూడా దాదాపు అదే మాట, రెండేండ్ల లోపోళ్లకు చుట్టాలతోని వీడియో కాల్ తప్ప ఏం వద్దు, రెండు నుంచి ఐదు దాంక గంట లోపే, అది కూడా పెద్దోళ్లు పక్కన కూసోని చూపియ్యాలె అని. ఇక్కడనే ఉన్నది కుట్ర. అసలు మనం ఫోన్ ఇచ్చేదే పక్కన కూసోవద్దని కదా! పక్కన కూసునేటంత ఓపికే ఉంటే ఫోన్ ఎందుకిస్తమయ్యా.

ఇంకో ఘోరం చెప్త. ఆ జెనీవోళ్ల కాయితంలనే మూడు నాలుగేండ్ల పిల్లలు దినానికి 180 నిమిషాలు ఒళ్లు కదిలియ్యాలె, అందుల ఒక 60 నిమిషాలన్న గట్టిగ ఉరుకుడు దుంకుడు ఉండాలె, 10 నుంచి 13 గంటలు పండుకోవాలె అని రాసిర్రు. మూడు గంటలు! మన నల్గొండ ఎండల మూడు గంటలు పోరని ఎనక ఉరికేదెవ్వలు, జెనీవా నుంచి మనిషిని పంపిస్తరా? పొద్దుగాల ఓ గంట, పొద్దుగూకినంక ఓ గంట, మిగిలింది ఇంట్లనే మంచం ఎక్కుడు దుంకుడు అని పంచుకోవచ్చు అంటరు, అప్పుడు మంచం సంగతేంది, దాని గురించి ఆ కాయితంల ఒక్క లైన్ లేదు.

ఇగ ఏడుపు ముచ్చట. మాన్పిచ్చే మొదట్ల నాలుగు దినాలు ఏడుపు తగ్గదు, ఇంకా పెరుగుతది, తర్వాతనే దిగుతది, మధ్యల ఇచ్చేస్తే మొత్తం పాయె అని తెలిసినోళ్లు చెప్తరు. ఇది నిజమే, నేను కాదన. పోరడు ఐదు నిమిషాలు ఏడ్సిండు, రాలే. పది నిమిషాలు ఏడ్సిండు, వచ్చింది. అంటే ఫోన్ రేటు పది నిమిషాలు అని వానికి అర్థమైంది, రేపటి సంది సీదా పది నిమిషాల కాడికెల్లే మొదలు పెడ్తడు. మార్కెట్ల ఇంత పక్కాగ బేరం చేసే తెలివిని మనం మాన్పిస్తమా, మిర్యాలగూడ రైస్ మిల్లుల పనికొచ్చే పోరడు వాడు.

అందుకే ఒక్కసారే గుంజుకోకుండ ముందే చెప్పుర్రి, రెండు వీడియోలు, అయినంక నువ్వే ఆఫ్ చెయ్యాలె అని, ఆటోప్లే బంద్ పెట్టుర్రి, బువ్వ కాడ, పండుకునేముందు గంట సేపు ఫోన్ కండ్లకు కనపడనియ్యకుర్రి అని సలహాలు ఇస్తరు. బటన్ వాని చేతులనే నొక్కిపియ్యాల్నట. నాలుగేండ్లోనికి ఇంత అధికారం ఇచ్చుడు మంచిదేనా? మనం ఒక్క రీల్ అని మొదలుపెట్టి రాత్రి ఒంటిగంటకు కూడా ఆపలేకపోతున్నం, వాడు రెండింటికే ఆపితే ఇంట్ల మన ఇజ్జత్ ఏం కావాలె.

ఫోన్ పోతే ఏం చెయ్యాలె అంటే పని చెప్పమంటరు. చిక్కుడుకాయ ఈనెలు తీపియ్యుర్రి, ఉతికిన బట్టలల్ల సాక్సులు జత చేపియ్యుర్రి, చపాతీ పిండి ముద్ద ఇయ్యుర్రి. పది నిమిషాల పని గంటైతది, పిండి ముద్ద నల్లగైతది, మళ్ల దాన్ని కాల్చి వాళ్ల నాయినకు పెట్టాలె. నాయనమ్మలు ఆటకు చింతగింజలు తీస్తరు. (మూడేండ్ల లోపోళ్లకు చింతగింజలు, గోలీలు మాత్రం చేతికియ్యకుర్రి, ముక్కుల పెట్టుకుంటరు, నోట్ల ఏసుకుంటరు, ఈ ఒక్క ముక్క ఎటకారం కాదు.)

కానీ అన్నిటికంటె పెద్ద ప్రమాదం ముచ్చట్లు. ఫోన్ లేని పోరడు మాట్లాడుతడు. మాట్లాడి ఊకోడు, జవాబు అడుగుతడు. పిల్లలకు మాటలు వచ్చేది ఎదురుంగ మనిషి తిరిగి మాట్లాడితేనే అంటరు, ఫోన్ల బొమ్మ ఎంత పాడినా వీడు అడిగినదానికి జవాబు చెప్పదు కదా. అంటే ఆ డ్యూటీ మనకే పడుతది. పానగల్ కాడ ఉదయసముద్రం చూపెట్టి వద్దామని సాయంత్రం బండి మీద తీస్కపోతే, ఈ నీళ్లు ఎక్కడికెల్లి వచ్చినయ్ అంటడు. సాగర్ నీళ్లు పుట్టంగండి కాడ మోటర్లు పెట్టి ఎత్తిపోస్తే అక్కంపల్లి రిజర్వాయర్ మీదికెల్లి వస్తయని మనకు యాదికి రావాలె. వచ్చినా బతుకలేం, మోటర్ ఎవ్వలు బంద్ చేస్తరు, కరెంట్ పోతే నీళ్లు ఏడ ఆగుతయ్, చేపలు గూడ పైపులకెల్లే వస్తయా, ఇట్ల ఇంటికొచ్చేదాంక. ఇంజనీరింగ్ నాలుగేండ్లు చదివిన వాళ్ల నాయిన చేపల కాడ చేతులెత్తేసిండనుకో, తప్పెవ్వలది?

అటు పాలమూరోళ్లు పిల్లలమర్రికి తీస్కపోతం అంటరు. వందల ఏండ్ల చెట్టు, చెదలు పట్టి కొమ్మలు ఇరుగుతుంటే 2018ల సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కిచ్చి బతికిచ్చుకున్నరు. అక్కడికి పోయినంక పోరడు ఊడలు చూస్తనంటడు, మనం ఫోటో అంటం, ఇటు చూడు బిడ్డా, నవ్వు, ఇంకోటి, మళ్లొకటి, స్టేటస్‌కు ఇది బాలేదు. ఆఖరికి వాడు ఊకోవాలంటే ఆ ఫోనే వాని చేతికి ఇయ్యాలె. చెట్టుకు మందు దొరికింది కానీ మనకు ఏ బాటిల్ కట్టాల్నో ఎవ్వలు చెప్పలే.

అయినా ఒక ఇంటోళ్లు ధైర్యం చేసిర్రు. ఆదివారం మీటింగ్ పెట్టుకుని, వాడొక్కడే మానితే మానడు, చూసి నేర్చుకుంటడు కాబట్టి ఏడు నుంచి తొమ్మిది దాంక ఇంట్ల ఎవ్వలు ఫోన్ ముట్టొద్దని తీర్మానం చేసిర్రు. అందరు ఒప్పుకున్నరు. తర్వాత సవరణలు మొదలైనయ్. ఆఫీస్ కాల్స్ లెక్కల రావని నాయిన, అక్కచెల్లెండ్ల గ్రూప్ ఫోన్ చూసుడు కిందికి రాదని అమ్మ, క్రికెట్ ఉన్న దినాలు సెలవని బాబాయ్, బత్తాయి రేటు రాత్రిపూటనే వస్తదని తాత, దేవుని ప్రవచనం స్క్రీన్ ఎట్లైతదని నాయనమ్మ. అన్ని సవరణలు ఆమోదం పొందినయ్. మిగిలిన టైంల ఫోన్లన్ని బీరువల పెట్టాలె అనుకున్నరు, తాళంచెవి ఎవ్వల దగ్గర ఉండాలె అన్న కాడ మీటింగ్ వచ్చే ఆదివారానికి వాయిదా పడ్డది.