విశ్వాస ప్రమాణంలో ఆ ఒక్క మాట పక్కన పెడదాం

2025 నవంబర్ 28న ఇజ్నిక్‌లో, అంటే పాత నైసియాలో, పోప్ 14వ లియో, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ బర్తొలొమయో కలిసి ప్రార్థన చేశారు. క్రైస్తవ విశ్వాస ప్రమాణానికి పునాది వేసిన నైసియా మహాసభ జరిగి 1700 ఏళ్లయిన సందర్భం అది. ఫొటోలు అందరూ చూశారు. వాటికంటే విలువైన సంగతి, అంతకు అయిదు రోజుల ముందు పోప్ విడుదల చేసిన లేఖలో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పరిశుద్ధాత్మ తండ్రి నుంచీ "కుమారుని నుంచీ" బయలుదేరుతున్నాడన్న మాట ఆ ప్రమాణపు 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ పాఠంలో లేదనీ, 1014లో 8వ బెనెడిక్ట్ పోప్ దాన్ని లాటిన్ పాఠంలో చేర్చాడనీ అక్కడ సూటిగా రాశారు.

రోమ్ ఇంత స్పష్టంగా చెప్పాక హైదరాబాద్‌లో మనం ఇంకా ఎవరి కోసం ఎదురుచూడాలి? సికింద్రాబాద్‌లో 1813 నాటి ప్రొటెస్టెంట్ చర్చి సెయింట్ జాన్స్ ఉంది, కాథలిక్కుల సెయింట్ మేరీస్ బసిలికా ఉంది, మలయాళంలో కుర్బానా, అంటే బలి ఆరాధన జరుపుకునే మలంకర ఆర్థడాక్స్ సంఘాలున్నాయి. వీళ్లంతా కలిసినప్పుడైనా 381 నాటి పాఠాన్ని, ఆ మాట లేకుండా, ఒకే తెలుగులో చెప్పాలి. ఇది ఈ ఏడాదే చేయగల పని.

"కుమారుని నుంచీ" అన్నదానికి లాటిన్ మాట ఫిలియోక్వే. ఆ గొడవ చరిత్ర చాలామందికి తెలిసిందే. కుమారుడు తండ్రితో సమానుడు కాడన్న ఆరియన్ బోధను ఎదుర్కోవడానికి స్పెయిన్ సంఘాల్లో మొదలైన అలవాటు నెమ్మదిగా పడమర అంతా పాకింది. మధ్యలో పోప్ 3వ లియో ఆ మాట లేని పాఠాన్నే గ్రీకులో, లాటిన్‌లో వెండి పలకల మీద చెక్కించి రోమ్‌లో పెట్టించాడు. సుమారు రెండు వందల ఏళ్లకు రోమే మాట మార్చింది. రోమ్, కాన్‌స్టాంటినోపుల్ 1054లో ఒకరినొకరు బహిష్కరించుకున్న తీర్పులను 1965 డిసెంబర్ 7న పోప్ 6వ పౌలు, పేట్రియార్క్ అథెనగోరస్ రద్దు చేశారు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

అసలు చిక్కు క్రియాపదంలో ఉంది. గ్రీకు పాఠంలోని ఎక్‌పొరేవెస్థాయి అనే క్రియ మొదటి మూలం నుంచి వెలువడటాన్ని చెబుతుంది. ఆ అర్థంలో ఆత్మకు మూలం తండ్రి ఒక్కడే. లాటిన్ ప్రొచేదెరే ఇంకా వెడల్పయిన మాట. మూలం నుంచి వచ్చినా, మరొకరి ద్వారా వచ్చినా దానికి సరిపోతుంది. కరీంనగర్ రైతును అడగండి. కాలువకు నీళ్లు పోచంపాడు నుంచి వస్తాయంటాడు, అది నిజం. గోదావరి పోచంపాడులో పుట్టిందని మాత్రం ఎవరూ అనరు, అది పుట్టింది త్ర్యంబకంలో. గ్రీకులు అడిగింది నది ఎక్కడ పుట్టిందని, లాటిన్లు చెప్పింది నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయని. త్రిత్వంలో ముందూ వెనకా లేవు, ఆనకట్టలూ లేవు, కాబట్టి ఈ పోలికను ఇంతకు మించి లాగకూడదు. కానీ తెలుగులో "బయలుదేరు" అన్న ఒక్క క్రియే రెంటికీ వాడేశాం కనుక, ఆ పక్కన "కుమారుని నుంచీ" అని చేర్చగానే ఆర్థడాక్స్ చెవికి రెండు మూలాలున్నట్టు వినిపిస్తుంది. వాళ్ల అభ్యంతరం మొండితనం ఎంతమాత్రం కాదు. "కుమారుని ద్వారా" అంటే తూర్పు పితరులకూ సమ్మతమే.

ఈ వివరణ రోమ్ 1995లోనే ఇచ్చింది, ఏ సంఘం పాఠమూ గ్రీకు మూలానికి విరుద్ధంగా ఉండకూడదని ఒప్పుకుంది. రెండో జాన్ పాల్ 1987లో, మళ్లీ 1995లో, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్కులతో కలిసి ఆ మాట లేకుండానే గ్రీకులో ప్రమాణం చెప్పాడు. ఇటలీలోని గ్రీకు రీతి కాథలిక్కులు దాన్ని పలకనక్కరలేదని 14వ బెనెడిక్ట్ 1742లోనే అనుమతించాడు. 2024లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ ఆర్థడాక్స్ వారితో కలిసి, ఆ మాట లేని గ్రీకు మూలం అనువాదాన్నే వాడమని సూచించింది. ఆ ఫెడరేషన్‌లో గుంటూరు కేంద్రంగా పనిచేసే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి కూడా సభ్యురాలు. మన తెలుగు లూథరన్ గుడుల్లో ఆ సూచనను ఎందరు చదివి వినిపించారు?

మలంకర ఆర్థడాక్స్ వారితో తేడా ఇంకా పాతది, 451 నాటి కాల్సెడాన్ మహాసభది. అక్కడా ఇబ్బంది పెట్టింది మాటలే. ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మీనియన్ వర్తకుల సమాధులున్నాయి, ఆ పక్కనే డచ్ వాళ్లవి. ఆర్మీనియన్లు కాల్సెడాన్‌ను ఒప్పుకోలేదు, డచ్ ప్రొటెస్టెంట్లు ఒప్పుకున్నారు. గోల్కొండ రాజ్యంలో చనిపోయినవాళ్లకు మట్టి దగ్గర ఆ తేడా అడ్డు రాలేదు. కాల్సెడాన్ "రెండు స్వభావాల్లో ఒకే క్రీస్తు" అంది. ఆర్మీనియన్లు, కోప్టులు, సిరియన్లు అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ మాట పట్టుకుని "శరీరధారియైన వాక్యానికి ఏకస్వభావం" అన్నారు. ఇరువురూ పూర్ణ దేవుడు, పూర్ణ మానవుడు అనే చెప్పారని 1990లో రోమ్, మలంకర ఆర్థడాక్స్ సంఘం కలిసి రాసుకున్నాయి. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని షాంబెజీలో కాల్సెడాన్‌ను ఒప్పుకున్న తూర్పు ఆర్థడాక్స్, ఒప్పుకోని ఓరియంటల్ ఆర్థడాక్స్ ప్రతినిధులూ అదే తేల్చారు. కానీ తెలుగులో స్వభావం అంటే ఏమిటి? "ఆయన స్వభావం మంచిది" అంటాం, అంటే గుణం. క్రీస్తుకు రెండు స్వభావాలంటే రెండు మనసులున్న మనిషి గుర్తొస్తాడు, ఒకటే స్వభావమంటే మానవత్వం కరిగిపోయిందనిపిస్తుంది. ఫ్యూసిస్ అన్న గ్రీకు మాట చెప్పే దాంట్లో సగం కూడా ఈ తెలుగు మాటలోకి రాలేదు. త్రిత్వం గురించి "ముగ్గురు వ్యక్తులు" అన్నప్పుడూ ఇదే జరుగుతుంది. పాతబస్తీలో పొరుగు ముస్లిం "మీకు ముగ్గురు దేవుళ్లా" అని అడిగితే తప్పు అతనిది కాదు, మనం ఎంచుకున్న మాటది.

ఇదంతా పైపై పూత, అసలు అడ్డు పోప్ అధికారం అంటారు కొందరు. నిజమే, విశ్వాస విషయాల్లో పోప్ అధికారిక తీర్పు తప్పిపోదన్న 1870 నాటి అమోఘత్వ తీర్మానం అలాగే ఉంది. 2018 నుంచి మాస్కో, కాన్‌స్టాంటినోపుల్ మధ్యే సహవాసం తెగిపోయింది. రోమ్ 2023 డిసెంబర్‌లో స్వలింగ జంటలకు ఆశీర్వాదాల మీద పత్రం ఇచ్చాక కోప్టిక్ సంఘం 2024 మార్చిలో చర్చలు ఆపేసింది. ఒక్క మాట పక్కన పెడితే బలిపీఠం దగ్గర ఒకే పాత్ర దొరకదు. అయితే 1439లో ఫ్లోరెన్స్ మహాసభలో తూర్పు, పడమర సంఘాల పెద్దలు అన్నిటి మీదా సంతకాలు చేసి వెళ్లారు, ఊళ్లో జనం ఒప్పుకోలేదు, ఆ ఐక్యత నిలవలేదు. జనం నోట నానని ఒప్పందం ఎంత పెద్ద సంతకమున్నా కాగితమే.

మన నేల మీద జరిగింది చూడండి. సంఘాలను కలపాలని డోర్నకల్ బిషప్ అజరయ్య తదితరులు 1919లో ట్రాంక్విబార్‌లో కూర్చున్నారు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది, అజరయ్య అప్పటికి లేరు. బిషప్పుల చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్లను ఏం చేయాలన్నది పెద్ద ముడి. పాతవాళ్లకు మళ్లీ అభిషేకం చేయకుండా ఉన్నవాళ్లను ఉన్నట్టే తీసుకుని, కొత్త అభిషేకాలన్నీ బిషప్పుల ద్వారానే జరగాలని పెట్టుకుని, ఈ తేడా సర్దుకోవడానికి 30 ఏళ్ల గడువు ఇచ్చుకున్నారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఒప్పుకోక బయటే ఉన్నారు, చాలా ఏళ్ల తర్వాత వచ్చారు. అదే నంద్యాలకు 2013లో ఈ సంఘపు తొలి మహిళా బిషప్ పుష్పలలిత వచ్చారు. ఆర్థడాక్స్ వారితో సీఎస్ఐకి అది ఇంకో దూరం, దాన్ని దాచనక్కరలేదు.

నా అసలు బాధ వేరే. తెలుగు క్రైస్తవులకు రెండు తెలుగులున్నాయి. ఒకరికి జ్ఞానస్నానం, ఇంకొకరికి బాప్తిస్మం. ఒకరికి పవిత్రాత్మ, ఇంకొకరికి పరిశుద్ధాత్మ. పిత పుత్ర ఒకవైపు, తండ్రి కుమార ఇంకోవైపు. సర్వేశ్వరుడు, దేవుడు. దివ్యబలిపూజ, ప్రభు రాత్రి భోజనం. ఒకే వీధిలో పెరిగిన అక్కాచెల్లెళ్లు వేరే సంఘాల్లో పెళ్లాడితే ఒకరి ఇంటి ప్రార్థనలో ఇంకొకరు నోరు కలపలేరు. మిషనరీల కాలంలో ఎవరి అచ్చుయంత్రం వాళ్లది, ఎవరి పండితుడు వాళ్లకు. ఆ కాలం పోయినా మనం ఒక్క పదాన్ని కూడా కలిసి మళ్లీ చూసుకోలేదు. గ్రీకు, లాటిన్ వాళ్లు వెయ్యేళ్లు ఒకరి మాట ఒకరికి అర్థం కాక కొట్టుకున్నారని పాఠాలు చెప్పే మనం, ఒకే అమ్మభాషలో అదే పని చేస్తున్నాం.

చేయాల్సిన పనికి హంగులు అక్కరలేదు. ఆరాధన పుస్తకాలు మార్చడం మొదలుపెడితే కాథలిక్కులకు బిషప్పుల సమాఖ్య, ఆ పైన రోమ్ అంగీకారం కావాలి, సీఎస్ఐకి సినడ్ దాటాలి, ఏళ్లు పడుతుంది. అందుకే పుస్తకాల జోలికి పోవద్దు. ఏటా జనవరి 18 నుంచి 25 వరకు జరిగే ఐక్యతా ప్రార్థన వారంలో వాడే ఒక్క కాగితం చాలు. గ్రీకు తెలిసినవాళ్లు ఇద్దరు, మలంకర సంఘం నుంచి సిరియాక్ తెలిసినవారు ఒకరు, రెండు తెలుగుల్లోనూ పాటలు, ప్రార్థనలు రాసే చెయ్యి తిరిగినవాళ్లు ఇద్దరు కూర్చోవాలి. ముందు ప్రమాణంలోనే ఉన్న రెండు మాటలు తేల్చాలి: తండ్రితో ఏకత్వాన్ని చెప్పే హొమొఊసియోస్, ఆత్మ గురించిన ఎక్‌పొరేవెస్థాయి. స్వభావం, వ్యక్తి అన్నవి కాగితం వెనకవైపు రాసే వివరణలోకి వస్తాయి. "బయలుదేరు" స్థానంలో "తండ్రి మూలంగా వెలువడు" లాంటిది నాకు నచ్చుతుంది, నోటికి బరువైతే పాట కట్టేవాళ్లు సరిచేస్తారు. పిత అనాలా తండ్రి అనాలా అన్నచోట పంచుకోవాలి, ఒకటి వాళ్లది, ఒకటి వీళ్లది.

అచ్చు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. తీసేసిన మాటను బ్రాకెట్లో పెట్టకండి. బ్రాకెట్ ఉన్నా సభ గడగడా చదివేస్తుంది, కొందరు పలుకుతారు, కొందరు ఆగిపోతారు, ఆ వాక్యం దగ్గరే గుడి రెండుగా చీలినట్టు వినిపిస్తుంది. వాక్యాన్ని తండ్రి దగ్గరే ముగించి, "తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడుచున్నాడు" అన్న తర్వాతి మాటను కొత్త వరసలో మొదలుపెట్టండి. కుమారుడి పేరు ఆ వరసలో ఎటూ ఉంది.