గారూ, మీరు పొరబడ్డారు

చంద్రయాన్-3 దిగింది చంద్రుడి దక్షిణ ధ్రువం మీద కాదు.

చూశారా, మొదటి వాక్యానికే సగంమంది నన్ను దేశద్రోహుల జాబితాలో వేసేశారు. మిగతా సగం "నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నది ఇదే" అని తొడగొట్టారు. ఈ రెండు సగాలకూ రాజీ కుదర్చడానికే ఇవాళ కలం పట్టాను.

ముందు ఆ సంగతి తేల్చేద్దాం. 2023 ఆగస్టు 23న సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దాని ల్యాండర్ విక్రమ్, అంటే నేల మీద దిగే నౌక, దిగిన చోటు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి కాస్త అవతల. ధ్రువం ఉండేది 90 దగ్గర. చంద్రుడి నేల మీద ఆ తేడా 600 కిలోమీటర్ల పైమాటే. నెల్లూరు బస్టాండులో దిగి, "వైజాగ్ వచ్చేశాం, పదండి బీచికి" అన్నట్టు. కాబట్టి 'దక్షిణ ధ్రువ ప్రాంతం' అనాలి. ఆ 'ప్రాంతం' అనే ఒక్క మాట దగ్గర మా వీధిలో రెండు ఇళ్ళవాళ్ళు సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకోవడం మానేశారు. ధ్రువం అన్న ఇంట్లో అరిసెలు బాగుంటాయి. నష్టం శాస్త్రీయ పక్షానిదే.

అంతరిక్షాభిమాని స్వతహాగా మంచివాడు. ఈ అనంత విశ్వంలో మనమెంత, మన పట్టింపులెంత అని రోజుకు రెండుసార్లయినా అంటాడు. ఆ మాట అన్న నోటితోనే, ఎదుటివాడు "మన రాకెట్ చంద్రుడి మీద దిగిందంట కదా" అనగానే గుటకేసి, కళ్ళజోడు సర్దుకుని, "దిగింది రాకెట్ కాదండీ, ల్యాండర్" అంటాడు. ఆ 'అండీ'ని గమనించండి. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

కోపమొస్తే మర్యాద తగ్గడం లోకరీతి. మా అంతరిక్షాభిమానులకు పెరుగుతుంది. నాతో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, మామూలుగా నన్ను "ఒరేయ్" అంటాడు. గ్రహాల వయసు దగ్గర మాట తేడా వస్తే "నువ్వు" అవుతాను. ఆధారం చూపించమంటే "మీరు". చూపిస్తే "గారు". ఇక "తమరు విజ్ఞులు, తమకు తెలియనిదేముంది" దాకా వెళ్ళిందంటే చుట్టుపక్కలవాళ్ళు కుర్చీలు సర్దుకుని దూరం జరగాలి. మన పీఎస్ఎల్‌వీ రాకెట్‌లో మొదటి దశ ఘన ఇంధనం, రెండోది ద్రవం, మూడోది మళ్ళీ ఘనం, నాలుగోది మళ్ళీ ద్రవం. మా చర్చల నిర్మాణమూ అదే. మొదట ఆపడానికి వీల్లేకుండా మండుతుంది. ఆ తర్వాత ఎవరో టీ తెస్తారు. టీ అయ్యాక ఇంకోసారి మండుతుంది. చివర్లో కళ్ళనీళ్ళు. తేడా ఒక్కటే, మా దాంట్లోంచి ఏదీ కక్ష్యలోకి వెళ్ళదు.

ఉదాహరణకు 2021 జులై 11. మన తెలుగమ్మాయి శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో పైకి వెళ్ళొచ్చింది. ఊరూరా మిఠాయిలు పంచారు. నేనూ ఒక పాకం ఉండ నోట్లో పెట్టుకున్నాను. అంతలో మావాడొకడు, "ఆ నౌక వెళ్ళింది 86 కిలోమీటర్ల ఎత్తుకే. అంతరిక్షానికి హద్దుగా చెప్పే కార్మాన్ రేఖ 100 దగ్గర. కాబట్టి సాంకేతికంగా..." అన్నాడు. 'సాంకేతికంగా' అనే మాటతో మొదలైన వాక్యం పూర్తి కానివ్వకూడదని అంతరిక్షాభిమానులకు నేను ప్రతిపాదించే నియమావళిలో రాసుకున్నాను. ఇంకొకడు లేచి, అమెరికావాళ్ళ లెక్కలో 50 మైళ్ళు, అంటే సుమారు 80 కిలోమీటర్లు దాటితే అంతరిక్షమే అన్నాడు. నిజానికి గాలి అక్కడ గోడ కట్టినట్టు ఆగిపోదు, పైకి పోయేకొద్దీ పల్చబడుతూనే ఉంటుంది. గీత మనం గీసుకున్నది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా 14 కిలోమీటర్ల తేడా దగ్గర రెండు గంటలు కొట్టుకున్నారు. ఆ అమ్మాయి పైకి వెళ్ళి, బరువు లేకుండా తేలి, కిందికి దిగి వచ్చినదంతా కలిపినా అంతసేపు పట్టలేదు.

శ్రీహరికోట ఏ జిల్లా అన్నది ఇంకో కుంపటి. 2022లో కొత్త జిల్లాలొచ్చి అది తిరుపతి జిల్లాలోకి పోయినప్పట్నుంచి మా నెల్లూరువాళ్ళం రాకెట్ ఎగిరిన ప్రతిసారీ మిద్దె ఎక్కి, మెడ దక్షిణానికి తిప్పి, కన్యాదానం చేసిన తండ్రుల్లా చూస్తాం. దీని గురించి ఇంతకంటే రాస్తే నాకే గొంతు పూడుకుపోతుంది.

ఒక్క రాత్రి మాత్రం మాలో ఎవరూ ఎవర్నీ దిద్దలేదు. 2019 సెప్టెంబరు 7, తెల్లవారితే శనివారం. చంద్రయాన్-2 వాళ్ళ విక్రమ్, ఇప్పటిదానికి అన్న, దిగుతోంది. తెర మీద గీత వంగుతూ వచ్చి, 2.1 కిలోమీటర్ల ఎత్తు దాటాక ఆగిపోయింది. మా ఇంట్లో పదకొండు మందిమి ఉన్నాం. ఎవరో "సిగ్నల్ పోయిందా?" అన్నారు. అది టీవీ సిగ్నలా, ల్యాండర్ సిగ్నలా అని విడమరచమని ఒక్కరూ అడగలేదు. మా ఆవిడ పాలు కాచి తెచ్చి చేతుల్లో పెట్టింది, మారుమాట లేకుండా తాగారు. పైనున్న ఆర్బిటర్ మాత్రం నిక్షేపంగా తిరుగుతోందని పొద్దున తెలిసింది. అలా తెలిసిన పావుగంటకల్లా దీన్ని వైఫల్యం అనాలా, పాక్షిక విజయం అనాలా అని మొదలెట్టారు. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

ఇక శనిగ్రహం సంగతి. 2025 నవంబరులో, రెండు వాయుగుండాల మధ్య ఒక్క రాత్రి తెరిపి ఇచ్చింది. మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద ఆరంగుళాల టెలిస్కోపు పెట్టాం. గ్రహాన్ని తిరుగుతూ వెంటాడే మోటారు దానికి లేదు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి, పెద్దది చేసి చూసేటప్పుడు శని ఐపీసులో, అంటే కన్ను పెట్టి చూసే కటకంలో, ఒక అంచున దూరి నిమిషం, నిమిషంన్నరలో రెండో అంచున జారిపోతాడు. చేత్తో గొట్టాన్ని అంగుళంలో పదో వంతు నెట్టి మళ్ళీ పట్టుకోవాలి.

ముందు మూడో అంతస్తు పెద్దాయన్ని పిలిచాం. ఆయన దండం పెట్టి, "శనిని మనం చూట్టమేంది అబ్బయ్యా, ఆయన మన్ని చూడకుంటే చాలు" అని మెట్లు దిగారు. మావాళ్ళు ఫక్కున నవ్వారు. నవ్వకూడదు. సూర్యుడి చుట్టూ తిరగడానికి శనికి 29 ఏళ్ళ మీద కొన్ని నెలలు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులకు ఏడున్నర. ఏలినాటి శని లెక్క అదే. ఆయన పంచాంగానికీ మా టెలిస్కోపుకూ అంకెల్లో పేచీ లేదు, భయంలోనే పేచీ.

తర్వాత రెండో అంతస్తు పాప, ఆరో తరగతి, స్టూలెక్కింది. "అంకుల్, ఉంగరాలేవీ? సూది గుచ్చినట్టుంది" అంది. మంచి ప్రశ్న. ఆ ఏడాది వలయాలు మనవైపు దాదాపు అంచు మాత్రమే చూపిస్తున్నాయి. ఎంత వెడల్పున్నా అప్పడాన్ని పక్కనుంచి చూస్తే గీతే కదా. ఆ ఒక్క ముక్క చెబితే అయిపోయేది. మావాడు అక్కడ ఆగక, "దాని చుట్టూ 62 చందమామలు కూడా ఉన్నాయమ్మా" అన్నాడు. "82" అన్నాడు ఇంకొకడు. "గారూ, మీరు పొరబడ్డారు, 2025 మార్చిలో 274 అయ్యాయి" అన్నాను నేను. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదని గమనించాలి. ఎవడు ఏ ఏడాది పోటీ పరీక్ష రాశాడో ఆ ఏటి అంకె దగ్గరే వాడి శనిగ్రహం ఆగిపోయింది. రాసినవాడు ఫెయిలైతే ఆ అంకె ఇంకా గట్టిగా గుర్తుంటుంది. మేం 'తమరు' దాకా వచ్చేసరికి పాప ఐపీసులోంచి తల తీయకుండానే, "అంకుల్, వెళ్ళిపోయింది" అంది. ఎవరం వినలేదు. మళ్ళీ మేం గొట్టం దగ్గరికి వచ్చేసరికి స్టూలు ఖాళీ. శనీ లేదు, పాపా లేదు.

ఇదంతా చూశాకే నియమావళి అవసరం నాకు తోచింది. ప్లూటో గురించి ఏడాదికి ఒక్కరోజే ఏడవడానికి అనుమతి, ఆగస్టు 24న. 2006లో ప్రేగ్‌లో దాన్ని గ్రహాల పంక్తిలోంచి లేపేసిన రోజది. మన జాతీయ అంతరిక్ష దినోత్సవం సరిగ్గా ముందురోజు కాబట్టి, 23న పండుగ, 24న తద్దినం, వంటవాణ్ణి ఒకేసారి మాట్లాడుకోవచ్చు. వ్యోమగామి అనాలా, గగనయాత్రి అనాలా అనే చర్చ ఆ మనిషి క్షేమంగా దిగాకే మొదలెట్టాలి. ఖగోళశాస్త్రం అనగానే అరచెయ్యి చాపినవాళ్ళకు విసుక్కోకుండా చేతిలో బైనాక్యులర్స్ పెట్టాలి. ఎవర్నయినా దిద్దాలంటే ఒక్కసారే, పక్కకు పిలిచి, మెల్లగా. పసిపిల్లల్నీ, పెద్దల్నీ, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళనూ అసలే దిద్దరాదు. ఈ చివరిది నేను పట్టుబట్టి చేర్చాను.

ముసాయిదా జేబులో పెట్టుకునే పోయిన వారం ఒక పెళ్ళికి వెళ్ళాను. రెండో పంక్తి. పప్పు, నెయ్యి వడ్డించి వెళ్ళారు. పక్కనే మా బాబాయ్. నన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని వేగుచుక్కను చూపించిన మనిషి. ముద్ద కలుపుతూ, "ఏరా, చంద్రుడికి చీకటి వైపు ఒకటుందట కదా, ఎప్పుడూ ఎండే పడదట. 2019లో చైనావాళ్ళు అక్కడ దిగారట. లైట్లు పట్టుకెళ్ళారేమో?" అన్నారు.

అవతలి వైపుకీ మనకు కనిపించే వైపుకీ ఎండ సమానమే. అటూ రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి. మనకు కనబడదు, అంతే. ఆ మాట నాకు తెలుసు. ఎదురుగా విస్తరి ఉంది. జేబులో కాగితం ఉంది. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు. నేను ఒక ముద్ద మింగాను. మంచినీళ్ళు తాగాను. వడియం కొరికాను.

"బాబాయ్ గారూ..." అన్నాను.