లాంగ్ రైడ్‌కి 50 వేల సైకిల్ కావాలా? తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

విజయవాడ, గుంటూరు వైపు కొత్తగా సైకిల్ తొక్కుతున్నవాళ్ళ ఫోన్లలోకి ఒక వాట్సాప్ మెసేజ్ పదేపదే వస్తోంది. మొదటి లాంగ్ రైడ్‌కి ఏ సైకిల్ కొనాలో చెప్పే మెసేజ్ అది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "50 వేల లోపు సైకిల్ మీద 100 కిలోమీటర్లు తొక్కితే మోకాళ్ళు పోతాయి. మన రోడ్లకి లావు టైర్లు, ముందు సస్పెన్షన్ ఉన్న ఎంటీబీ (కొండదారుల సైకిల్) తప్పనిసరి. గేర్లు కనీసం 21 ఉండాలి. డిస్క్ బ్రేకులు లేకపోతే ప్రాణానికే ప్రమాదం. మెత్తటి జెల్ సీటు వేయించుకోండి. పాత సైకిల్ జోలికి అసలు పోవద్దు."

పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతున్నారని నమ్ముతాను. కానీ ఇది చదివి వెనక్కి తగ్గేది ఎవరంటే, కాలేజీ పిల్లలు, షాపుల్లో నెల జీతానికి పనిచేసేవాళ్ళు, పిల్లల చదువులకే జీతమంతా పెట్టే తల్లిదండ్రులు. వీళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఆ దూరం మోయగల సైకిల్ ఇప్పటికే ఉంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్పాలనిపించింది.

ముందు మోకాళ్ళ సంగతి, ఎందుకంటే జనం భయపడేది దానికే. సైకిల్ తొక్కితే వచ్చే మోకాలి నొప్పికి, సైకిల్ ధరకి సంబంధం లేదు. కొత్తవాళ్ళలో ఆ నొప్పికి ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. సీటు బాగా కిందికి ఉండటం ఒకటి, బరువైన గేరులో బలవంతంగా తొక్కడం రెండోది. మన దగ్గర సైకిల్ కొన్నప్పుడు కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు పెట్టించుకుంటాం. వీధి చివర కొట్టుకి వెళ్ళిరావడానికి అది సరిపోతుంది. నాలుగు గంటలు తొక్కితే మాత్రం, ప్రతి తొక్కుకీ మోకాలు అవసరానికి మించి వంగి, బరువంతా చిప్ప మీద పడుతుంది.

సరిచూసుకోవడం చాలా తేలిక. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. మడమ పెడల్ మీద పెట్టండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు కాలు తిన్నగా ఉండాలి, నడుము పక్కకి ఒరగకూడదు. తర్వాత పాదం ముందు భాగాన్ని పెడల్ మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగుతుంది. అదే మీ ఎత్తు. అలా పెట్టుకున్నాక కూడా మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంటే సీటు ఇంకా కిందికే ఉందేమో చూడండి. వెనక భాగంలో వస్తుంటే మరీ పైకి లేచిందేమో చూడండి. దీనికి మెకానిక్ అక్కర్లేదు, ఒక పానా చాలు.

ఫ్రేమ్ సైజు మాత్రం ఇంట్లో మార్చుకోలేం. కాబట్టి కొనేటప్పుడు గట్టిగా పట్టుబట్టాల్సింది దాని గురించే. పై కడ్డీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడితే కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగాలి, చేతులు చాచి అందుకున్నట్టు ఉండకూడదు. అయిదున్నర అడుగుల మనిషికి, స్టాకులో అదే మిగిలిందని 19 అంగుళాల ఫ్రేమ్ అంటగట్టే షాపులున్నాయి. అది లక్ష రూపాయల సైకిలైనా మెడ, భుజాలు, అరచేతులు నొప్పి పుడతాయి. మీ కొలతకి సరిపోయిన 15 వేల సైకిల్ దానికంటే ఎంతో మేలు.

ఇక లావు టైర్లు, సస్పెన్షన్. "మన రోడ్లు" అని మెసేజ్ అంటోంది. ఏ రోడ్లు? మొదటిసారి దూరం వెళ్ళే విజయవాడ మనిషి సాధారణంగా ఎంచుకునేవి చూడండి. బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట వెంట అమరావతి, లేదా కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు. గుంటూరు వాళ్ళయితే అమరావతి, లేదా బాపట్ల దాటి సూర్యలంక. అన్నీ తారు రోడ్లే. అక్కడక్కడా గుంతలు ఉంటాయి, ఊళ్ళ దగ్గర స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. అంతమాత్రానికి కొండదారుల కోసం చేసిన గుబ్బల టైర్లు అవసరం లేదు. ఆ గుబ్బలు మట్టిలో పట్టు ఇస్తాయి. తారు మీద మాత్రం ప్రతి గుబ్బా నలిగి లేస్తుంటే మీ బలం అక్కడే ఖర్చవుతుంది. తొక్కుతుంటే వచ్చే ఆ రొద మీ పిక్కల శక్తే.

ముందు సస్పెన్షన్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. తక్కువ ధర సైకిళ్ళకి వచ్చే స్ప్రింగు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) బరువే రెండు కిలోల పైన ఉంటుంది. ఎదురుగాలిలో లేచి నిలబడి తొక్కినప్పుడల్లా అది కిందికి పైకి ఊగుతూ మీ శ్రమలో కొంత మింగేస్తుంది. మామూలు ఫోర్కు ఉన్న హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్యరకం), 35 మిల్లీమీటర్ల వెడల్పున్న నున్నటి టైర్లతో, మన తారు రోడ్డు కుదుపుల్ని చక్కగా తట్టుకుంటుంది. కుదుపు తగ్గేది ఎక్కువగా టైరులో ఉండే గాలి వల్లే. టైరు పక్క గోడ మీద ఎంత గాలి కొట్టొచ్చో ముద్రించి ఉంటుంది. ఆ అంకెల మధ్యలో మీ బరువుకి తగ్గట్టు పెట్టుకోండి.

ఇప్పటికే ఎంటీబీ ఉన్నవాళ్ళు దాన్ని అమ్మేయాల్సిన పని లేదు. అదే రిమ్ముకి సరిపోయే నున్నటి, కాస్త సన్నటి టైర్లు వేయించుకోండి. ఫోర్కు మీద లాక్ ఉంటే తారు రోడ్డు మీద వేసి ఉంచండి. కొత్త సైకిల్ ఖర్చులో చిన్న భాగంతో తేడా మొదటి 10 కిలోమీటర్లలోనే తెలుస్తుంది.

గేర్ల లెక్కకి వస్తే, 21 అంటే ముందు 3 పళ్ళచక్రాలు, వెనక 7. ఆ 21లో చాలావరకు ఒకదానికొకటి దాదాపు సమానం. కొన్నిటిలో చైను మరీ ఏటవాలుగా పోతుంది కాబట్టి వాటిని వాడకూడదు. కాబట్టి ఆ అంకె పెరిగినంత మాత్రాన సైకిల్ మెరుగుపడదు. గేర్లు లేని సైకిల్‌తో కుదరదన్న మాటని కూడా లెక్కేసి చూద్దాం. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్న పెద్ద చక్రాల సైకిల్ మీద నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకి సుమారు 19 కిలోమీటర్లు వస్తుంది. ప్రపంచమంతా గుర్తించే బ్రెవె రైడ్లలో (గడువులోగా దూరం పూర్తిచేయాల్సిన లాంగ్ రైడ్లు) 200 కిలోమీటర్లకి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే ఆగిన సమయం కూడా కలుపుకుని గంటకి 15 కిలోమీటర్ల లోపే. అక్కడ గేర్లు ఉండాలన్న నియమం లేదు, ఇంత ధర పెట్టాలన్న నియమం అసలే లేదు. మన డెల్టాలో పాల క్యాన్లు కట్టుకుని, బట్టల మూటలు వేసుకుని ఊరూరా తిరిగినవాళ్ళు తొక్కింది గేర్లు లేని సైకిళ్ళే. వాళ్ళ శ్రమని ఆ మెసేజ్ లెక్కలోకే తీసుకోలేదు. అది నాకు బాధగా ఉంది.

అయితే గేర్లు నిజంగా అవసరమయ్యే చోట్లు మన దగ్గరా ఉన్నాయి. కొండవీడు ఘాట్, కోటప్పకొండ ఎక్కాలనుకుంటే తేలిక గేరు ఉండాల్సిందే. ఎదురుగాలిలోనూ గేర్లు మోకాళ్ళని కాపాడతాయి. మధ్యాహ్నం వేళ సముద్రం మీంచి గాలి వీస్తుంటే బందరు వైపు వెళ్ళేవాళ్ళకి అది ఎదురు, తిరిగొచ్చేవాళ్ళకి తోడు. కొత్తగా కొనేవాళ్ళకి ముందు ఒకటో రెండో, వెనక 7 లేదా 8 ఉంటే చాలు.

డిస్క్ బ్రేకులు వానలో బాగా పట్టుకుంటాయి, నిజమే. ఎండ రోజున చదును రోడ్డు మీద వెళ్ళే మొదటి రైడ్‌కి, రబ్బర్లు అరగని, తీగ సరిగా బిగించిన వీ-బ్రేకు (రిమ్ముని రెండు పక్కలా రబ్బర్లతో పట్టేది) చాలు. పామర్రులోనో పొన్నూరులోనో ఆగిపోతే వీ-బ్రేకు రబ్బర్లు దొరుకుతాయి. హైడ్రాలిక్ డిస్కులో ఆయిల్ కారితే చిన్న ఊళ్ళో బాగుచేసేవాళ్ళు దొరకడం కష్టం.

జెల్ సీటు సలహా అన్నిటికంటే తొందరగా దెబ్బకొడుతుంది. కూర్చున్నప్పుడు బరువు మోయాల్సింది పిరుదుల కింది రెండు ఎముకలు. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు అందులో దిగబడి, మధ్యలోని మెత్తటి భాగాలు నొక్కుకుపోతాయి. తిమ్మిరి వచ్చేది అందుకే. వెడల్పు ఎక్కువైతే తొడలు ఒరుసుకుని చర్మం లేస్తుంది. కాస్త గట్టి సీటు, లోపల ప్యాడ్ ఉన్న షార్ట్స్, అప్పుడప్పుడూ పెడళ్ళ మీద లేచి నిలబడటం. నా మాట ఇదే. సీటు మీద పెట్టే డబ్బు ఆ షార్ట్స్ మీద పెట్టండి.

చివరిది, పాత సైకిల్. చూడకుండా కొనొద్దంటే ఒప్పుకుంటాను, జోలికే పోవద్దంటే ఒప్పుకోను. వెల్డింగు అతుకుల దగ్గర, ముఖ్యంగా హ్యాండిల్ కింద, పగుళ్ళు ఉన్నాయేమో గోటితో తడిమి చూడండి. పగులు కనిపిస్తే వదిలేయండి. చక్రం గాల్లోకి లేపి తిప్పితే రిమ్ము అటూ ఇటూ ఊగకూడదు. కాస్త ఊగితే చువ్వలు బిగించి సరిచేస్తారు. పెడల్ కడ్డీలు పట్టుకుని పక్కకి ఊపితే లొడలొడలాడకూడదు. చైను 24 లింకులు కొలిస్తే 12 అంగుళాలు రావాలి, దాదాపు అంగుళంలో పదహారో వంతు పెరిగి ఉంటే మార్పించండి. టైర్లు పాతబడి పక్కలు బీటలు వారితే కొత్తవి వేయించండి. ఇవన్నీ చేయించినా కొత్త సైకిల్ ధరలో కొంతే అవుతుంది.

ఇంత పొడవు మెసేజ్‌లో పంచరు గురించి ఒక్క ముక్క లేదు! మీ టైరు సైజు ట్యూబు ఒకటి, ప్యాచ్ డబ్బా, టైరు ఊడదీసే లివర్లు, చిన్న పంపు తప్పక పెట్టుకోండి. ట్యూబు వాల్వ్ బైకు టైరుది లాంటిదైతే పెట్రోలు బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు, సన్నటి వాల్వ్ అయితే అడాప్టర్ ఉండాలి. వెనక చక్రం విప్పి మళ్ళీ బిగించడం ఇంటి దగ్గరే రెండుసార్లు చేసి చూడండి. ఎందుకంటే ఎక్కువ బరువు దాని మీదే పడుతుంది, పంచర్లూ దానికే ఎక్కువ.