నెలసరి తప్పిన దేశం

1960లలో ఐర్లండ్‌ను ఒక వింత జబ్బు పట్టుకుంది. పెళ్లయిన ఆడవాళ్లకు నెలసరి ఉన్నట్టుండి గతి తప్పేది, అదీ ముగ్గురో నలుగురో పిల్లలు పుట్టాక. డాక్టర్లు 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపే మాత్ర రాసేవారు. అన్నిచోట్లా అది గర్భనిరోధక మాత్ర, అక్కడ మాత్రం 'సైకిల్ రెగ్యులేటర్', అంటే నెలసరి చక్రాన్ని సరిచేసే మందు. 1935 నాటి చట్టం 17వ సెక్షన్ గర్భనిరోధక సాధనాల అమ్మకాన్నీ దిగుమతినీ నిషేధించింది కాబట్టి మాత్రకు మారుపేరు పెట్టక తప్పలేదు.

ఇది దొంగచాటు వ్యవహారం అనుకుంటే పొరపాటు. కృత్రిమ గర్భనిరోధం కూడదంటూ క్యాథలిక్ చర్చి అధిపతి ఆరో పాల్ పోప్ 1968 జూలై 25 తేదీతో వెలువరించిన 'హ్యుమానే వీటే' లేఖలో 15వ పేరా చూడండి. జబ్బు నయం చేసే మందు వల్ల గర్భం ఆగితే తప్పులేదు, ఆపాలన్న ఉద్దేశం ఉండకూడదంతే. మాత్ర గొంతు దిగేటప్పుడు మనసులో ఏ ఆలోచన ఉందన్నదే అసలు పరీక్ష. (అంతకు రెండేళ్ల ముందే వాటికన్ వేసిన కమిషన్‌లో ఎక్కువమంది నిషేధం సడలించవచ్చన్నారు. కమిషన్ వేయడం మర్యాద, దాని మాట వినడం వేరే సంగతి.)

మనసు అంతగా లొంగనివారికి చర్చి ఒప్పుకున్న లెక్కల దారి ఉండనే ఉంది. కనీసం ఆరు నెలసరులు రాసిపెట్టుకోవాలి. అతి చిన్న చక్రంలోంచి 18, అతి పెద్దదానిలోంచి 11 తీసేయాలి. 26, 32 రోజులైతే 8వ రోజు నుంచి 21వ రోజు దాకా దంపతులు దూరంగా ఉండాలి. అంటే పద్నాలుగు రోజులు. జ్వరమొచ్చినా దిగులు పట్టుకున్నా అండం విడుదల వెనక్కి జరగొచ్చు, అప్పుడు లెక్క గల్లంతు. బిడ్డకు పాలిచ్చే తల్లికి నెలసరే మొదలుకాదు, ఇక దేనిలోంచి ఏం తీసేయాలి? పోనీ థర్మామీటర్ నమ్ముకుందామంటే, రాత్రి సరిగ్గా నిద్రపోయి, మంచం దిగకముందే, రోజూ ఒకే వేళకు చూసి, అండం విడుదలైందని చెప్పే 0.2 డిగ్రీల సెల్సియస్ పెరుగుదల పట్టుకోవాలి. చంటిపిల్ల రాత్రి మూడుసార్లు లేపిన ఇంట్లో ఆ అంకె దేన్ని చెబుతుందో దేవుడికే తెలియాలి. విధానంలో లోపం లేదు, చంటిపిల్లలు లేని ఆడవాళ్లకు చక్కగా పనికొస్తుంది.

చట్టంలోనూ ఇలాంటి సున్నితత్వమే. సాధనం వాడటం నేరం కాదు, తెచ్చుకోవడమే నేరం. మేరీ మెగీకి నలుగురు పిల్లలు, మళ్లీ గర్భం వస్తే ప్రాణానికి ముప్పని డాక్టర్లు చెప్పారు. డయాఫ్రమ్ అనే గర్భనిరోధక సాధనంతో వాడే జెల్లీని ఆమె ఇంగ్లండ్ నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. 1973లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ప్రభుత్వం ఆరేళ్లు ఆలోచించి 1979లో చట్టం తెచ్చింది. కండోమ్ కావాలంటే డాక్టర్ చీటీ ఉండాలి, అదీ నిజాయితీగా కుటుంబ నియంత్రణ కోసమేనని డాక్టర్‌కు నమ్మకం కుదిరాక. ఆ నిజాయితీని స్టెతస్కోప్‌తో ఎలా కొలవాలో మాత్రం చట్టంలో రాయలేదు.

కస్టమ్స్ వాళ్ల చురుకుదనం అంతకుముందే ఒకసారి తేలిపోయింది. 1971 మే 22న కొందరు డబ్లిన్ మహిళలు రైలెక్కి, ఈ నిషేధం లేని, బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్ నగరం బెల్‌ఫాస్ట్‌కు మాత్రలు కొనడానికి వెళ్లారు. అక్కడా చీటీ లేనిదే ఇవ్వమన్నారు. వాళ్లు ఆస్పిరిన్ కొనుక్కుని తిరుగు రైలెక్కారు. డబ్లిన్‌లో దిగి, కస్టమ్స్ అధికారుల కళ్లెదుటే గర్భనిరోధక మాత్రలన్నట్టు వాటిని మింగారు. ఏ మాత్ర దేనికో పోల్చలేని అధికారులు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.