క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్ అట!

ఇప్పుడే విశాఖ నుంచి మా ఊరు పర్లాకిమిడి వచ్చి పడ్డాం. ఒళ్లు హూనమైంది, కోపం మాత్రం దిగలేదు.

మా అప్ప కొడుక్కి తుంటి నొప్పి. పాతికేళ్లు నిండని కుర్రాడు, కుంటుతున్నాడు. మొదట ఇక్కడే ఎక్స్‌రే తీయించాం. ‘అంతా నార్మల్’ అని కాల్షియం మాత్రలు రాశారు. (ఏ నొప్పికైనా కాల్షియం మాత్రలే కదా!) నొప్పి తగ్గక ఎంఆర్ఐ తీయిస్తే, తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చిపోతోందని తేలింది. ఏవీఎన్ అంటారట. ఈ జబ్బు మొదట్లో ఎక్స్‌రేకి చిక్కదు, ఎంఆర్ఐకే దొరుకుతుంది. అంటే ఆ ‘నార్మల్’ మాటను నమ్ముకుని మేం కూర్చున్న రోజులన్నీ దండగే.

సరే, పెద్దాసుపత్రిలో తేలుతుందని ఫిల్ములన్నీ కవర్లో పెట్టుకుని వెళ్లాం. డాక్టరుగారు ఆ కవరు విప్పనే లేదు! వెనక గోడకి ఫిల్ములు పెట్టి చూసే లైటు బాక్సు ఉంది, దాని మీద మందుల కంపెనీ క్యాలెండర్ వేలాడుతోంది. రిపోర్టులో ఆఖరి లైను చదివి, ‘మళ్లీ ఎక్స్‌రే, ఒక సీటీ స్కాన్ తీయించుకుని రండి’ అన్నారు. అయిపోయింది.

సీటీ వద్దనడం లేదండీ. ఎముక తల కుంగడం మొదలైందా, లోపల సన్నని పగులుందా అన్నది సీటీలో బాగా తెలుస్తుంది. కుంగకముందైతే ఎముకకు రంధ్రం చేసి కాపాడే ప్రయత్నం చేస్తారు, కుంగిపోతే చాలామందికి తుంటే మార్చాల్సి వస్తుంది. ఇదంతా ఫోన్లో వెతికి నేను తెలుసుకున్నా. ఆ ముక్క ఆయన చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఎక్స్‌రే, ఎంఆర్ఐ, సీటీ పక్కపక్కన పెట్టి చూస్తేనే కదా లెక్క తేలేది! ఎక్స్‌రే రిపోర్టులో ‘ఎంఆర్ఐ చేయించండి’ అని ఉంటుంది, ఎంఆర్ఐ రిపోర్టులో ‘ఎక్స్‌రేతో పోల్చి చూడండి’ అని ఉంటుంది, రెండింటి కిందా ‘క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్’, అంటే రోగి లక్షణాలతో కలిపి చూసుకోండని. ఎవరు చెయ్యాలండీ ఆ కోరిలేషన్? మా అప్ప చెయ్యాలా?

పైగా తల్లి ఎదురుగానే ‘బాగా తాగుతావా బాబూ?’ అని అడిగారు. తాగుడు, స్టెరాయిడ్లు దీనికి కారణాలే, అడగాల్సిందే, కాదనను. మరి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) కూడా కారణమే కదా! మా కొండ ప్రాంతాల్లో అది ఉందని అందరికీ తెలుసు. 2047కల్లా లేకుండా చేస్తామని కేంద్రం 2023లో మిషనే పెట్టింది. ఆ రక్త పరీక్ష రాయడానికి మాత్రం పెన్ను కదల్లేదు. వాడు తలొంచుకుని కూర్చున్నాడు, మా అప్ప దారి పొడుగునా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

ఇంతకన్నా ఒళ్లు మండింది బిల్లు కౌంటర్ దగ్గర. ఆధార్‌లో గజపతి జిల్లా, ఒడిశా అని చూసి ఆ అమ్మాయి, ‘ఒడిశా వాళ్లయినా తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!’ అంది. తల్లీ, మీరు ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని దండలేస్తారే, ఆ గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్లో! 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపారని నిరసనగా ఊరే వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారాయన. మేం ఎక్కడికి పోతాం? ఆరోగ్యశ్రీ అడిగితే ‘మీకు వర్తించదు’. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వాళ్లకు వర్తిస్తుంది, మాకు వర్తించదు. తెలుగు బాగుందన్న పొగడ్త మాత్రం ఉచితం.

సీటీ తీయించాం. ఆ రిపోర్టు కింద కూడా అదే లైను, చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇప్పుడు కవరు పట్టుకుని ఒడిశాలోనే ఉన్న బరంపురం వెళ్తాం. అక్కడ ‘మీరు ఆంధ్రా వాళ్లా?’ అని అడుగుతారు, రాసిపెట్టుకోండి.