సవరణ: ఆఫ్‌సెట్ పెరిగితే చక్రం లోపలికే వెళ్తుంది

అల్లాయ్ వీల్స్ గురించి ముందు రాసినప్పుడు, ఆఫ్‌సెట్ అంకె పెరిగేకొద్దీ చక్రం బయటికి వస్తుందని చెప్పాను. అది తప్పు, తిరగేసి రాశాను. క్షమించండి. ఆఫ్‌సెట్‌నే ఈటీ అని రాస్తారు. ఈటీ 45 అంటే హబ్‌కు (కారులో చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే ముఖం రిమ్ వెడల్పు మధ్యగీత నుంచి 45 మి.మీ. బయటి వైపు ఉందని అర్థం. ఆ అంకె పెరిగితే చక్రం సస్పెన్షన్ వైపు జరుగుతుంది.

వెడల్పునూ కలిపి లెక్కించాలి, ఇది చాలామంది మర్చిపోతారు. 6 అంగుళాల ఈటీ 45 తీసి 7 అంగుళాల ఈటీ 35 వేస్తే బయటి అంచు 22.7 మి.మీ. బయటికి, లోపలి అంచు 2.7 మి.మీ. లోపలికి జరుగుతాయి.

నా మాట నమ్మి ఆర్డర్ పెట్టినవాళ్లు దయచేసి ఆపి, మళ్లీ లెక్క చూసుకోండి. రిమ్‌లు వచ్చేసి ఉంటే టైర్లు ఎక్కించకముందే ఒకటి బిగించి, స్ట్రట్‌కు (చక్రం లోపలి వైపున ఉండే సస్పెన్షన్ భాగానికి), బ్రేక్ క్యాలిపర్‌కు (బ్రేక్ డిస్క్‌ను పట్టే భాగానికి) ఎంత ఖాళీ ఉందో చూడండి.